తమ్ముడి ఉద్యోగం, అక్క బాయ్‌కాట్

ప్రశ్న: నా వయసు 47. గుంటూరు నుంచి వచ్చి అట్లాంటా శివార్లలో స్థిరపడ్డాం. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. అమ్మాయి యూనివర్సిటీలో సెకండియర్, అబ్బాయి హైస్కూల్ చివరి ఏడాది. వాడు మా ఇంటి దగ్గరున్న చిక్-ఫిల్-ఏ అనే చికెన్ శాండ్‌విచ్‌ల ఫాస్ట్‌ఫుడ్ కొట్లో పార్ట్‌టైమ్ ఉద్యోగంలో చేరాడు. సొంత డబ్బు చేతికొస్తోందని వాడికి భలే సంబరం. అప్పట్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ కంపెనీ ఓనర్లు గే పెళ్లిళ్లకు వ్యతిరేకమని, అక్కడ పనిచేయడం సిగ్గుచేటని అమ్మాయి అంటుంది. సెలవులకు వచ్చినప్పుడు ఫ్రిజ్ తలుపులో వాడు దాచుకున్న సాస్ ప్యాకెట్లన్నీ చెత్తబుట్టలో పడేసింది. ఆ యూనిఫాంతో ఉంటే కారెక్కనివ్వలేదు. పైగా ఇన్‌స్టాగ్రామ్‌లో వాడి మీద స్టోరీ పెట్టింది, వాడి ఫ్రెండ్సంతా చూశారు. అదంతా ఎప్పుడో అయిపోయిన గొడవ అంటాడు వీడు. మావారు భోజనాల దగ్గర నవ్వుతూ, ‘ఆ ఓనరు అన్నదాంట్లో తప్పేముంది? మన దగ్గర ఉన్నాయా ఇలాంటివి?’ అన్నారు. అమ్మాయి కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయింది. ఇప్పుడు అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. వాణ్ని ఉద్యోగం మానేయమని చెప్పనా? ఇంకో భయం కూడా ఉంది, అడగడానికి నోరు రావడం లేదు. అసలు మా అమ్మాయికి ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకు?
ఒక తల్లి, జార్జియా

జవాబు: మానేయమని చెప్పొద్దు. చెబితే అమ్మాయి గెలిచినట్టు, అబ్బాయి ఓడినట్టు అవుతుంది. వాళ్ల మధ్య మాటలు అప్పటికీ రావు.

ముందు వాళ్లిద్దరూ దేని గురించి పోట్లాడుకుంటున్నారో మీకు తెలియాలి. ఇద్దరూ సగం సగం నిజం చెబుతున్నారు. 2012 జులైలో చిక్-ఫిల్-ఏ ప్రెసిడెంట్‌గా ఉన్న డాన్ కేథీ (కంపెనీ పెట్టిన ట్రూయెట్ కేథీ కొడుకు) ఒక బాప్టిస్టు క్రైస్తవుల పత్రికతో మాట్లాడుతూ, బైబిల్ చెప్పే కుటుంబాన్నే (అంటే ఆడ, మగ పెళ్లితో ఏర్పడేదాన్నే) తాము సమర్థిస్తామని, ఆ విషయంలో దాపరికమేమీ లేదని అన్నాడు. ఆ కుటుంబం పెట్టిన విన్‌షేప్ ఫౌండేషన్ గే పెళ్లిళ్లను వ్యతిరేకించే సంస్థలకు లక్షల డాలర్లు ఇచ్చిన సంగతి కూడా అప్పుడు చర్చకొచ్చింది. బాయ్‌కాట్ పిలుపులు మొదలయ్యాయి. దానికి పోటీగా ఆగస్టు 1న ఆర్కన్సా మాజీ గవర్నర్ మైక్ హకబీ పిలుపు మీద జనం బారులు తీరి మరీ శాండ్‌విచ్‌లు కొన్నారు. ఆ రోజు రికార్డు అమ్మకాలని కంపెనీయే చెప్పుకుంది. మరో రెండు రోజులకు గే జంటలు అవే కొట్ల ముందు ముద్దులు పెట్టుకుని నిరసన తెలిపాయి. మీరుండే జార్జియాలో అప్పటికి ఆ పెళ్లిళ్లు చెల్లవు. 2004లో ఓటర్లే రాష్ట్ర రాజ్యాంగంలో నిషేధం రాయించారు. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాకే అది పోయింది. అంటే అప్పట్లో అది కేవలం అభిప్రాయాల తగాదా కాదు, ఆ జంటల బతుకుకు సంబంధించిన సంగతి. మీ అమ్మాయి కోపం అక్కడి నుంచి వచ్చింది.

తర్వాత 2014లో, కంపెనీని ఈ వివాదంలోకి లాగినందుకు చింతిస్తున్నానని డాన్ కేథీ అన్నాడు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. 2019 నవంబరులో కంపెనీ ఫౌండేషన్ తన విరాళాల పద్ధతి మార్చి, ఇకపై చదువు, ఆకలి, నిరాశ్రయుల మీద దృష్టి పెడతామని ప్రకటించింది. అంతకుముందు విమర్శలు తెచ్చిపెట్టిన కొన్ని సంస్థలకు విరాళాలు ఆగిపోయాయి. ఈసారి కోపం వచ్చింది ఇన్నాళ్లూ వెనకేసుకొచ్చినవాళ్లకి! కాబట్టి పాత గొడవ అని అబ్బాయి అనడంలో అర్థముంది. అలాగని అమ్మాయిది మొండివాదమని కొట్టిపారేయలేం. కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబానిదే. 2021 నుంచి డాన్ కొడుకు ఆండ్రూ నడుపుతున్నాడు. నా డబ్బు అక్కడికి చేరడం నాకిష్టం లేదని ఆమె అంటే ఒప్పుకోవాల్సిందే.

కానీ కొట్లో కొనకపోవడం వేరు, మనిషిని వెలివేయడం వేరు. మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి. 2014లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా సీఈవోగా బ్రెండన్ ఐక్‌ను పెట్టినప్పుడు, కాలిఫోర్నియాలో గే పెళ్లిళ్లను ఆపే ప్రతిపాదనకు 2008లో ఆయన వెయ్యి డాలర్లు ఇచ్చాడని నిరసనలు వచ్చి, రెండు వారాలు తిరక్కుండానే దిగిపోయాడు. అది సబబా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. కనీసం అక్కడ గురి ఆ విరాళం ఇచ్చిన సీఈవోకే. మీ ఇంట్లో గురి వాఫుల్ ఫ్రైస్ వేయించే హైస్కూల్ కుర్రాడికి తగిలింది.

ఆ కొట్టు నడిపేది స్థానికంగా ఉండే ఒక ఫ్రాంచైజీ ఆపరేటర్. పది వేల డాలర్లు కట్టి తీసుకుంటారు, మనుషుల్ని పెట్టుకునేదీ వాళ్లే. మీ అబ్బాయి ఆ కుటుంబం అభిప్రాయాలకు జీతం తీసుకోవడం లేదు. 2016 జూన్‌లో ఆర్లాండోలోని పల్స్ అనే గే నైట్‌క్లబ్‌లో కాల్పులు జరిగి 49 మంది చనిపోయారు. ఆ రోజు ఆదివారం, చిక్-ఫిల్-ఏకు సెలవు. అయినా ఆ ఊళ్లోని సిబ్బంది కొందరు వచ్చి వంట చేసి, రక్తం ఇవ్వడానికి లైన్లో నిలబడ్డవాళ్లకు తిండి పంచారు. దీంతో కంపెనీ చేసినవన్నీ చెల్లిపోతాయని నేననను. కౌంటర్ వెనక ఉన్న మనిషిని ఓనరుతో కలిపి చూడకూడదని మాత్రం అంటాను.

అమ్మాయితో ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి: ‘నువ్వు అక్కడ తినొద్దు. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడు ఆ కొట్టు తిండి సంచి లోపలికి రాదు. కానీ తమ్ముడి వస్తువులు పారేయడం, వాణ్ని బయట నలుగురిలో పెట్టడం ఈ ఇంట్లో కుదరదు. ఆ స్టోరీకి వాడికి సారీ చెప్పు.’ స్టోరీ ఒక రోజులో పోతుంది గానీ స్క్రీన్‌షాట్లు పోవు. స్కూల్లో వాడు వాటిని భరించాలి కదా.

అబ్బాయికీ ఒక మాట. యూనిఫాం కొట్లోనే మార్చుకుని రావడం పెద్ద పనేం కాదు. అక్కడ ‘థాంక్యూ’ అంటే ‘మై ప్లెజర్’ అనమని నేర్పిస్తారు. ఇంట్లో అక్కని ఉడికించడానికి దాన్ని వాడుతున్నాడేమో కనుక్కోండి. తమ్ముళ్ల గురించి నాకు తెలిసినంతలో వాడుతూనే ఉంటాడు. ‘అదంతా అయిపోయింది’ అనడం మానేసి, అక్కకు ఎందుకు కష్టంగా ఉందో ఒక్కసారి అడిగి పూర్తిగా వినమనండి.

ఇద్దరికీ పనికొచ్చే సంగతి ఒకటుంది. 2012లో కాలేజీల్లో ఈ బాయ్‌కాట్‌ను నడిపినవాళ్లలో షేన్ విండ్‌మయర్ ఒకరు. ఆయన స్వయంగా గే. ఆ ఆగస్టులో డాన్ కేథీయే ఆయనకు ఫోన్ చేశాడు. తర్వాత నెలల తరబడి ఫోన్లు, కలవడాలు. ఏడాది చివర్లో చిక్-ఫిల్-ఏ బౌల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు ఆయన కేథీ అతిథిగా వెళ్లాడు. ఉద్యమం కూడా ఆపేశాడు. పెళ్లి విషయంలో ఇద్దరిలో ఎవరూ అభిప్రాయం మార్చుకోలేదు. ‘చూశావా, ఆయనే రాజీపడ్డాడు’ అంటూ దీన్ని అమ్మాయి మీద ప్రయోగించకండి, అది రాజీ కాదు. మాట్లాడుకోవాలంటే అభిప్రాయాలు కలవాలన్న షరతు లేదని పిల్లలకు తెలిస్తే చాలు.

ఇక మీవారి సంగతి. ఉత్తరంలో ఆయన మాటను మీరు రెండు వాక్యాల్లో చెప్పి దాటేశారు. నాకైతే అసలు విషయం అదే అనిపిస్తోంది. సాస్ ప్యాకెట్ల గొడవలో మీ అమ్మాయి వాదించింది, అరిచింది, ఇంట్లోనే ఉంది. కంచం వదిలి వెళ్లింది నాన్న నవ్వినప్పుడు. ఆయన నమ్మకాలు ఆయనవి, ఒక్కపూటలో మార్చమని నేను చెప్పను. హేళన చేయడం మాత్రం ఆపమని మీరు చెప్పొచ్చు, పిల్లల ముందు కాకుండా. ‘మన దగ్గర ఉన్నాయా’ అంటే ఉన్నాయి. ఈ పెళ్లిళ్ల హక్కు కోసం మన సుప్రీంకోర్టులో నడిచిన ప్రధాన కేసు వేసింది హైదరాబాద్‌లో ఉంటున్న జంటే. 2023 అక్టోబరు 17న అయిదుగురు జడ్జీలు ఆ హక్కు ఇవ్వలేమని, చట్టం చేయాల్సింది పార్లమెంటని తేల్చారు. పెళ్లికి గుర్తింపు రాలేదు గానీ, ఆ జంట ఉన్నది మన హైదరాబాద్‌లోనే.

మీరు నోరు తెరిచి అడగలేని ప్రశ్నను అమ్మాయిని కూడా అడగకండి. రూమ్మేట్ కోసం కావచ్చు, క్లాసులో స్నేహితుడి కోసం కావచ్చు, ఆ వయసు పిల్లలు దీన్ని తమ సొంత విషయంగా తీసుకుంటారు. తన కోసమే కూడా కావచ్చు. ఇప్పటి మూడ్‌లో మీరు అడిగితే నిలదీసినట్టే వినపడుతుంది. ‘మొన్న నాన్న అలా నవ్వడం నాకు నచ్చలేదు. నీకు ఎప్పుడు ఏది చెప్పాలనిపించినా నేను వింటాను’ అని చెప్పి, మాట మార్చేయండి. గుంటూరులో ఉన్న అక్కచెల్లెళ్ల వాట్సాప్ గ్రూపులో ఈ అనుమానం పొరపాటున కూడా పెట్టకండి.

ఒకవేళ ఆమె తన గురించే చెబితే, ఆ రాత్రే మీవారి చెవిన వేయొద్దు. నాన్నకు ఎప్పుడు, ఎవరు చెప్పాలో ఆమెనే అడగండి. మీకు మాట్లాడేవాళ్లు కావాలంటే ఇలాంటి పిల్లల తల్లిదండ్రుల కోసం 1973 నుంచి నడుస్తున్న పీఫ్లాగ్ అనే సంస్థ ఉంది, మనలాంటి కుటుంబాల కోసం దేశీ రెయిన్‌బో పేరెంట్స్ అండ్ అలైస్ అనే బృందం ఉంది. అమ్మాయి ఏమీ చెప్పకపోయినా మీరు వాళ్లతో మాట్లాడొచ్చు.