డీజిల్ తాగిన మట్టి

ప్రశ్న: జనరేటర్ పక్కన పీపా కారి, డీజిల్ నేలలోకి ఇంకింది. నీళ్లు పోస్తే పైనే నిలుస్తున్నాయి. సూక్ష్మజీవుల పొడి కొని చల్లితే బాగవుతుందా?

జవాబు: పొడికి తొందరపడకండి. డీజిల్‌ను తినే సూడోమోనాస్, రోడోకాకస్ వంటి బ్యాక్టీరియా చాలా నేలల్లో ముందే ఉంటాయి. వాటికి కరవైంది నత్రజని, భాస్వరం. డీజిల్‌లో ఉన్నదంతా దాదాపు కర్బనం, ఉదజనే. కర్బనం 100 పాళ్లకు నత్రజని 10, భాస్వరం 1 అన్నది మా మోటు లెక్క. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికాక అలాస్కా తీరంలోనూ ఎరువే చల్లారు.

ముందు కారడం ఆపండి. చేతులకు తొడుగులు వేసుకుని మట్టిని తవ్వి, మందపాటి పట్టా మీద అడుగు ఎత్తున పరిచి, ఎరువు కలిపి, వారానికోసారి తిరగేయండి. గాలి ఆడకపోతే పని నత్తనడకే. పిడికిట నొక్కితే మట్టి ముద్ద కావాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. యూరియా మాత్రం తూచి వేయండి. మొదటిసారి నేను గుప్పిళ్లతో చల్లి, ఉన్న బ్యాక్టీరియానే చంపుకున్నాను!

కొన్ని నెలలు పడుతుంది. వాసన పోయిందని మురిసిపోకండి, తేలిక భాగాలు ఊరికే ఆవిరై ఉండవచ్చు. ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. అన్నట్టు, అందులో వాడేసిన ఇంజన్ ఆయిల్ కూడా కలిసిందా? అందులోని సీసం, జింకులను ఏ బ్యాక్టీరియా అరిగించుకోలేదు.