పండక్కి వెళ్ళే ఊరు, కాపురానికి వెళ్ళే ఊరు

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నాకు 34 ఏళ్లు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే, అమ్మావాళ్ళది హలసూరు. ఒక గార్మెంట్ ఎక్స్‌పోర్ట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, చేరి తొమ్మిదేళ్లు దాటింది. మా ఆయనది పలమనేరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలకు నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్తే చాలు. పోయిన ఏడాది మామకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి ఇంకా సరిగా ఆడదు, అత్తమ్మ ఒక్కరే చూసుకుంటున్నారు. అందుకని అందరం పలమనేరుకే మారిపోదాం అంటున్నారు ఈయన. రెండో తరగతి చదివే పాప ఉంది. ఆ ఊరంటే నాకు కోపం లేదు, భయం. పోయిన సంక్రాంతికి పది రోజులున్నాను. మందుల షాపులో నేనేం కొన్నానో నేను ఇల్లు చేరేలోపే అత్తమ్మకు తెలిసిపోయింది. ముక్కూ మొహం తెలియని ఆవిడ వీధిలో ఆపి "ఇంకో బిడ్డను కనలేదేం మా?" అని అడిగింది. ఈయనకు చెబితే "అది ప్రేమ, నీకర్థం కాదులే" అంటారు. చిన్న ఊళ్ళల్లో మనుషులు ఇంతేనా? నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా?

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకు ముందు చెప్తాను, అది చిన్నది. ఇందులో స్వార్థమేమీ లేదు. కాపురం ఎక్కడ పెట్టాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. ఒకరు భయంగా ఉందంటే రెండోవారు "నీకర్థం కాదులే" అనేస్తే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. మీ ఇంట్లో జరిగిందదే.

మొదటి ప్రశ్నకు కాస్త ఎక్కువ చెప్పాలి. నాది పుంగనూరు, మీ అత్తగారి ఊరికి పక్క ఊరే అనుకోండి. పెళ్ళయ్యాక బెంగళూరుకు వచ్చాను. మొదటి ఏడాదంతా నన్ను ఎవరూ ఏమీ అడగడం లేదని ఏడ్చినదాన్ని. కాబట్టి మీ భయమూ తెలుసు, మీ ఆయన బెంగా తెలుసు.

అలాంటి ఊళ్ళో మనిషికి పేరు కన్నా ముందు ఇల్లుంటుంది. "ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?" అన్నదే మొదటి ప్రశ్న. మీరు ఫలానా వీధిలో ఫలానా వాళ్ళ కోడలు. ఆ చిరునామా కుదిరితే కిరాణా కొట్లో మీకు ఖాతా రాస్తారు, చిల్లర లేకపోతే "రేపియ్యి మా" అంటారు, ఆటో అతను బేరం చెయ్యకుండా ఇంటి ముందు దింపుతాడు. పొద్దున బస్టాండు దగ్గర టీ తాగేవాళ్ళు టమాటా ధర ఎంత పలికిందో, కౌండిన్య అడవి నుంచి ఏనుగులు ఎవరి మళ్ళోకి దిగాయో మాట్లాడుకుంటారు. బయటివాళ్ళకు అది పొద్దుపోని కబురులా వినిపిస్తుంది. చేను ఉన్నవాడికి అది రాత్రి కాపలాకు వెళ్ళాలో వద్దో చెప్పే సమాచారం. ఎవరింట్లో ఆవు ఈనింది, ఎవరు రేపు బెంగళూరుకు కారులో పోతున్నారు, ఎవరికి జ్వరం, ఇవన్నీ ఒకే నోటి నుంచి వస్తాయి. మీ మందుల షాపు సంగతి కూడా ఆ వరుసలోనే వెళ్ళిపోయింది.

మీ మామగారికి పక్షవాతం వచ్చిన రోజు ఆయన్ని ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారో మీరు రాయలేదు. ఓసారి మీ అత్తగారిని అడగండి. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతమైతే ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి, ఆలస్యమయ్యేకొద్దీ లాభం తగ్గుతుంది. పలమనేరులో ఉన్నవాళ్ళు పెద్ద వైద్యానికి చిత్తూరుకో తిరుపతికో వేలూరుకో పరిగెత్తాలి. మారతహళ్ళి నుంచి కొడుకు బయల్దేరి హొసకోట దాటేలోపు అక్కడ ఎవరో ఒకరు కారు తీసి ఉంటారు. ఆ కారు తీసినతని ఇంట్లోవాళ్ళే మిమ్మల్ని రెండో బిడ్డ సంగతి అడిగి ఉండొచ్చు. మీ ఆయన ప్రేమ అంటున్నది దీన్నే. అందులో సగం నిజం.

మిగతా సగం ఆయనకు కనబడదు, ఎందుకంటే కొడుకు ఊరు వేరు, కోడలి ఊరు వేరు. రెండూ ఒకే మ్యాపులో ఉంటాయి, అంతే. ఆయన లుంగీలో బస్టాండుకు వెళ్ళి టీ తాగి రావచ్చు, ఎవరూ ఏమీ అనరు. మీరు చున్నీ లేకుండా గేటు దాకా వస్తే అదో వార్త. ఆయన ఇంటికి ఆలస్యంగా వస్తే "పాపం, పని" అంటారు. మీరు వస్తే లెక్కలు వేస్తారు. ఇంకో మాట కూడా ఉంది, మనవాళ్ళు పైకి చెప్పరు. ఇల్లు అడిగాక, ఇంటిపేరు అడిగాక, ఆ తర్వాత ఏం తెలుసుకోవాలనుకుంటారో మీకు తెలుసు. ఎవరి గడప దాకా వెళ్ళొచ్చు, ఎవరింట్లో మంచినీళ్ళు తాగుతారు అన్నది చాలా వీధుల్లో ఇంకా ఆ జవాబు మీదే ఆధారపడుతుంది. పండగ పది రోజుల్లో ఇది పైకి తేలదు. కాపురం చేస్తే తేలుతుంది, మీ పాప తన స్నేహితురాలిని ఇంటికి పిలిచిన రోజున.

మీ ఆయన మారదామంటున్న ఊరు ఆయన పదిహేడేళ్ల వయసులో వదిలి వచ్చిన ఊరై ఉంటుందని నా అనుమానం. ఆ స్నేహితుల్లో సగం మంది ఇప్పుడు మీ మారతహళ్ళిలోనే ఉండుంటారు. రెండు నెలలయ్యాక ఆయన హెడ్‌సెట్ పెట్టుకుని గదిలో ఉంటారు. వచ్చేపోయేవాళ్ళకు కాఫీ ఇచ్చేది, జవాబులు చెప్పేది మీరు.

కాబట్టి నేను ఆయన్ని అడగమనేది ఊరి గురించి కాదమ్మా. మామగారికి పొద్దున స్నానం ఎవరు చేయిస్తారు? చేతికి వ్యాయామం ఎవరు చేయిస్తారు? ఈ రెండూ కొడుకు పనులని నేను ఖచ్చితంగా అంటాను. "అత్తగారికి సాయం" అనే మాట కింద అవి మీ చేతికి వచ్చేస్తే, ఉద్యోగం మానేసి మరీ వెళ్ళిన మీకు ఆ ఊరి మీద కోపం పుడుతుంది. అది ఆ ఊరి తప్పు కాదు.

అసలు అందరూ ఒకేసారి ఎందుకు మారాలి? ఆయనకు ఆఫీసు నెలకు నాలుగు రోజులే. నెలలో పదిహేను రోజులు ఆయనే అక్కడ ఉండి పని చేసుకోవచ్చు. పలమనేరు బస్సులో పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే దూరం. ఆరు నెలలు అలా చేసి చూడమనండి. తల్లిదండ్రులకు నిజంగా ఏం అవసరమో ఆయనకే తెలిసొస్తుంది. ఈలోపు మీరు కూడా ఒకసారి పండగ లేని నెల చూసుకుని, సెలవు పెట్టి మూడు వారాలు వెళ్ళి ఉండండి. కొత్త బట్టలు, చుట్టాలు, అరిసెలు లేనప్పుడు ఆ ఊరు ఎట్లా ఉంటుందో చూడండి. మంగళవారం మధ్యాహ్నం మూడింటికి మీకేం తోస్తుందో చూసుకోండి.

మీ ఉద్యోగం గురించి ఒక చిన్న లెక్క, మీరు అకౌంట్స్ మనిషి కనుక తెలిసే ఉంటుంది. పీఎఫ్‌తో పాటు వచ్చే నెలవారీ పింఛనుకు పదేళ్ల సర్వీసు ఉండాలి. మీరు దాని అంచున ఉన్నారు. ఆ డబ్బు పెద్దదేమీ కాదు, అయినా తొమ్మిదేళ్లు కట్టి చివర్లో వదిలేయకండి. అక్కడికి వెళ్ళాక కూడా మీ చేతిలో మీ సంపాదన ఏదో ఒకటి ఉండాలి. నాలుగు షాపుల జీఎస్టీ లెక్కలు రాసినా సరే. "అకౌంట్స్ చూసే అమ్మ" అని ఊరు పిలవడం మొదలుపెడితే "ఫలానా వాళ్ళ కోడలు" అన్న చిరునామా పక్కన మీకు రెండోది దొరుకుతుంది. చిన్న ఊళ్ళో అది చాలా పెద్ద సంగతి.

పాప విషయం. కర్ణాటక 2015 చట్టంతో ఇక్కడి బడుల్లో కన్నడ తప్పనిసరి అయింది కాబట్టి పాప ఈపాటికి కన్నడ అక్షరాలు దిద్దుతూ ఉంటుంది. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడినా రాయడం రాకపోవచ్చు. రెండు లిపులూ దగ్గరివే, ఆ వయసులో తొందరగా పట్టేస్తుంది. కానీ మధ్యలో బడి మార్చకండి. మారినా జూన్‌లోనే. ఎటూ తేలకపోయినా తెలుగు గుణింతాలు ఇవాళే మొదలుపెట్టండి, తాతకు ఉత్తరం రాయిస్తే ఆయనకూ బాగుంటుంది.

చివరికి వెళ్ళడమే ఖాయమైతే మేడ మీద వేరే వంటిల్లు, వేరే మెట్లు అడగండి. రెండు వీధుల అవతల అద్దెకు దిగితే ఊరు వేరుకాపురం అంటుంది, అత్తగారికి తలవంపులు. అదే మేడ మీద అయితే "పైన ఉంటారు" అని ఊరుకుంటారు.

ప్రశ్నల సంగతి. మందుల షాపతనికి మొహమాటం లేకుండా చెప్పండి: "అన్నా, నా మందుల మాట ఇంట్లో చెప్పొద్దు." తొంభై పాళ్ళు అతను నొచ్చుకోడు, ఎవరూ అంతవరకు చెప్పి ఉండరు. రెండో బిడ్డ అడిగిన ఆవిడకు సంజాయిషీ అక్కర్లేదు. "చూద్దాంలే అక్కా, మీ పెద్దమ్మాయి ఎక్కడుంది ఇప్పుడు?" అనండి. అర్ధగంట ఆమే మాట్లాడుతుంది, మీరు వింటే చాలు. మీ గురించి మర్చిపోతుంది. తర్వాత వీధిలో మీ మీద ఎవరైనా మాట అంటే అడ్డం పడేది కూడా ఆవిడే కావచ్చు, నేను చూశాను అలాంటివి.

ఉత్తరం మొత్తంలో మీ అత్తగారి అభిప్రాయం ఒక్క ముక్క లేదు. మీరంతా రావాలని ఆమె అడిగారా, లేక కొడుకే అనుకుంటున్నారా? ఆమె కూడా ఒకప్పుడు ఆ ఊరికి కోడలుగా వచ్చినవారే. ఈసారి వెళ్ళినప్పుడు మీ ఆయన లేని సమయం చూసి, చెనిగ్గింజలు ఒలుస్తూనో, సంగటి గెలుకుతూనో, మొదటి ఏడాది ఎట్లా గడిచిందత్తమ్మా అని అడగండి. అప్పుడు ఆమెను ఎవరు ఏమేం అడిగేవారో, ఆమె ఎవరితో చెప్పుకుని ఏడ్చేవారో అడగండి.