అమ్మాయిది ప్రభుత్వం పక్షం, నాది మార్కెట్ పక్షం... ఏ కోర్సులో చేర్పించాలి?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. ‘ప్రజల బాగోగులు ప్రభుత్వం చూడాలా, మార్కెట్‌కు వదిలేయాలా’ అనే అంశం మీద కాలేజీ వక్తృత్వ పోటీలో ప్రభుత్వం తరఫున మాట్లాడి బహుమతి తెచ్చుకుంది. అప్పటి నుంచి సెలవులకు వచ్చినప్పుడల్లా ఇంట్లో వాదనే. నాకు ఖమ్మం జిల్లాలో ఎరువుల దుకాణం ఉంది. సొంత రెక్కల మీద వ్యాపారం చేసేవాళ్ళ వల్లే దేశం నడుస్తుందని నా నమ్మకం. ఎంబీఏ చేయమంటే వినదు, ప్రభుత్వ విధానాల గురించి చెప్పే పబ్లిక్ పాలసీ కోర్సు చదువుతానంటుంది. దానికి ఉద్యోగాలు ఉంటాయా? ఎంబీఏ, ఎంఏ ఎకనామిక్స్, పబ్లిక్ పాలసీ... మూడింటినీ పోల్చి చెప్పండి. కనీసం గ్రూప్స్‌కైనా సిద్ధం కమ్మని మీరైనా చెప్పండి.

జవాబు: మీరు అడిగింది కోర్సుల పోలికే అయినా, మీ బెంగ కోర్సుల గురించి కాదు. ఇలా వాదించే పిల్ల ఏ ఆఫీసులోనూ ఇమడదేమో, సంపాదన లేని ఆదర్శాల వెంట పోతుందేమో అన్నది మీ భయం. ఇదే భయంతో నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. ముందుగా ధైర్యం చెబుతాను. లెక్కలకు భయపడకుండా ఎకనామిక్స్ పీజీ శ్రద్ధగా పూర్తిచేసిన వాళ్ళు పని దొరక్క ఖాళీగా కూర్చోవడం నేను చూడలేదు. బ్యాంకులు, రేటింగ్ సంస్థలు, పరిశోధనా సంస్థలు, కన్సల్టెన్సీలు, కాలేజీలు... ఎక్కడో ఒకచోట స్థిరపడతారు. ఇరవై ఏళ్ళ వయసులో ఒక పక్షం తీసుకుని గట్టిగా మాట్లాడటం లోపం కాదు. చదివింది ఒంటబడుతోందని అర్థం.

ఇక మీతో కొంచెం కటువుగా మాట్లాడాలి. మీరు మార్కెట్ పక్షం అంటున్నారు. మీ గోదాములో ఉన్న 45 కిలోల యూరియా బస్తాను ఒకసారి చూడండి. దాని మీద అచ్చైన 266 రూపాయల 50 పైసలు మార్కెట్ పెట్టిన ధర కాదు, కేంద్ర ప్రభుత్వం పెట్టింది. అసలు ఖర్చులో అది కొంత భాగం మాత్రమే. మిగతాది సబ్సిడీ రూపంలో కంపెనీకి వెళుతుంది, అదీ మీ కౌంటర్ మీది ఈ-పాస్ యంత్రంలో రైతు వేలిముద్ర పడి అమ్మకం నమోదయ్యాకే. పక్కనున్న డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులది మరో పద్ధతి. 2010 నుంచి వాటికి పోషకాల లెక్కన సబ్సిడీ ఇస్తున్నారు. కాగితం మీద ధర పెట్టుకునే స్వేచ్ఛ కంపెనీలదే, అయినా ప్రభుత్వం కన్ను ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. పురుగుమందుల అరలోకి వస్తే పూర్తిగా పోటీయే. ఒకే కప్పు కింద మూడు రకాల ఆర్థిక వ్యవస్థలు నడుపుతున్న మనిషి, ‘ప్రభుత్వం ఎందుకు?’ అని కూతురితో పంతానికి దిగడం సబబు కాదు. పైగా ఉత్తరం చివర ఆమెను గ్రూప్స్ రాయమంటున్నారు! వ్యాపారమే దేశాన్ని నడుపుతుందని నమ్మే మీరు, మీ పిల్ల భద్రతకు మాత్రం సర్కారు కొలువునే నమ్ముతున్నారు. ఇది ఆమె గమనించలేదని అనుకోకండి. ఇష్టం లేని గ్రూప్స్‌లోకి నెట్టి మూడు నాలుగేళ్ళు కోచింగ్ సెంటర్ల పాలు చేయవద్దు.

అమ్మాయికి కూడా ఒక మాట. ఈ వాదన పోటీ వేదిక మీద తేలినంత సులువుగా బయట తేలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010 నాటి సూక్ష్మరుణాల సంక్షోభం గురించి చదవమనండి. పేద మహిళలకు అప్పు పుట్టని చోటికి ప్రైవేటు సంస్థలు వెళ్ళాయి. వారం వారం కిస్తీ, ఒకరు కట్టకపోతే గ్రూపులో మిగతావాళ్ళంతా పూచీ. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చాయి. ఒకటి తీర్చడానికి మరొకటి తీసుకున్నారు. వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చాయి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఒక పెద్ద సంస్థ ఆ ఆగస్టులోనే షేర్ మార్కెట్‌లోకి అడుగుపెట్టింది. అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వారం కిస్తీ పోయి నెల కిస్తీ వచ్చింది, కొత్త అప్పుకు ముందస్తు అనుమతి తప్పనిసరైంది, వడ్డీ అసలును మించకూడదన్నారు. వేధింపులు ఆగాయి. కానీ వసూళ్ళు కుప్పకూలాయి, బ్యాంకులు ఆ సంస్థలకు డబ్బివ్వడం మానేశాయి, నిజంగా అవసరమున్న మహిళలకూ అప్పు దొరకలేదు. కొందరు మళ్ళీ వడ్డీ వ్యాపారి గడప తొక్కారు. దీన్ని పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు వేసిన మాలెగాం కమిటీ 2011 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది చివరికల్లా రిజర్వు బ్యాంకు ఈ సూక్ష్మరుణ సంస్థలను ప్రత్యేక వర్గంగా గుర్తించి, ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఒక కుటుంబం మీద ఎంత అప్పు ఉండవచ్చు, వడ్డీకి హద్దు ఎక్కడ పెట్టాలి అన్నవి నినాదాలతో తేలే ప్రశ్నలు కావు. కూర్చుని లెక్క కట్టగలిగిన వాళ్ళు కావాలి. మీ అమ్మాయి చేయదగ్గ ఉద్యోగాలు ఉన్నది సరిగ్గా అక్కడే.

కరెంటు ఛార్జీలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణకు ఒకసారి వెళ్ళి కూర్చోమనండి. కరెంటు పంపిణీ చేసే డిస్కం అధికారులు వచ్చే ఏడాది ఖర్చుల లెక్క చెబుతారు, రైతు సంఘాల వాళ్ళు అభ్యంతరం చెబుతారు, పరిశ్రమల ప్రతినిధులు తమపై పడే భారం గురించి అడుగుతారు. ముగ్గురికీ ఆ లెక్కను విప్పి చెప్పగల మనిషి అవసరమే. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ, వ్యాపారాల మధ్య పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్, రిజర్వు బ్యాంకు, వ్యవసాయ రుణాలు చూసే నాబార్డు, ఇంకా వాటి ముందు హాజరయ్యే కంపెనీలు... అన్నింటికీ ఇలాంటి వాళ్ళు కావాలి.

ఇప్పుడు పబ్లిక్ పాలసీ. దీని మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. కోర్సు చెడ్డదని కాదు. ఈ మధ్య ఇది ఫ్యాషన్ అయింది. కొన్ని ప్రైవేటు విద్యాసంస్థలు ఎంబీఏ స్థాయి ఫీజు తీసుకుంటూ, స్టాటిస్టిక్స్ నామమాత్రంగా చెప్పి, మిగతా సమయమంతా అతిథి ఉపన్యాసాలతో నింపుతున్నాయి. చదువయ్యాక చాలామందికి దొరికే మొదటి పని, ఏదో ప్రభుత్వ శాఖలో కన్సల్టెన్సీ తరఫున కాంట్రాక్టు. పథకం ఆగితే అదీ ఆగుతుంది, ప్రభుత్వం మారితే ఆ పథకమే మారుతుంది. నాలుగైదేళ్ళు ఎక్కడైనా పనిచేసి, ఒక రంగం లోతు తెలిశాక చదివితే ఈ కోర్సు బంగారం. డిగ్రీ కాగానే అప్పు చేసి చేరితే, దేని గురించైనా మాట్లాడగలరు, ఏదీ చేసి చూపించలేరు.

‘సామాజిక సేవ, జీతం రెండూ ఉంటాయి’ అని సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) ఉద్యోగాల గురించి కూడా ఆమె విని ఉంటుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. డబ్బు నిజమే. కానీ చాలా కంపెనీల్లో ఆ విభాగం చిన్నది, పని ఎక్కువగా స్వచ్ఛంద సంస్థల ద్వారా జరుగుతుంది. చేరిన పిల్లలు నాకు చెప్పేది నివేదికలు, ఫొటోలు, బిల్లుల పరిశీలన గురించే. దాన్నే మొదటి గమ్యంగా పెట్టుకోవద్దు.

ఎంబీఏ గురించి ఎక్కువ చెప్పను. పేరున్న సంస్థలో సీటు వచ్చి, ఆమెకు ఇష్టమైతే మంచిదే. ఇష్టం లేకుండా మామూలు కాలేజీలో చేరితే రెండేళ్ళు, ఫీజు రెండూ వృథా.

నా సలహా ఎంఏ ఎకనామిక్స్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, తిరువనంతపురంలోని సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్, రిజర్వు బ్యాంకు ముంబైలో నెలకొల్పిన ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధనా సంస్థ... వీటికి దరఖాస్తు చేయనివ్వండి. కేంద్ర ప్రభుత్వంలో ఆర్థికవేత్తల కొలువైన ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్షకు ఎకనామిక్స్‌లోనో, దాని అనుబంధ శాఖల్లోనో పీజీ ఉండాలి. పబ్లిక్ పాలసీ పీజీ దానికి సరిపోదు. సర్కారు కొలువు మీద మీ మమకారానికి కూడా ఈ దారిలో చోటుంది.

ఒక్క వివరం మీరు రాయలేదు. డిగ్రీలో ఆమె గణితం, స్టాటిస్టిక్స్ పేపర్లు ఎన్ని చదివింది, మార్కులు ఎలా ఉన్నాయి? ఈసారి ఆమెనే రాయమనండి. అవి బాగుంటే పైన చెప్పిన అన్నింటికీ ప్రయత్నించవచ్చు. బలహీనంగా ఉంటే, ప్రవేశ పరీక్షలకు ముందు ఈ కొద్ది నెలలూ వక్తృత్వ పోటీలు పక్కనపెట్టి కలనగణితం, లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత సాధన చేయాలి. ఫీజు ఎక్కువున్న ఏ ప్రైవేటు కోర్సుకూ అప్పటిదాకా అడ్వాన్సు కట్టకండి.