కువైట్‌లో ఉండి, రాజోలులో అమ్మమ్మ దగ్గరున్న పిల్లాడికి ఫోన్ జాగ్రత్తలు ఎలా నేర్పాలి?

ఎనిమిదో తరగతి బాబుకి ఏం నేర్పాలని అడిగారు. ముందు అమ్మమ్మగారి ఫోన్ సరిచెయ్యండి. మన కోనసీమలో గల్ఫ్ ఇళ్ళు చాలావాటిలో ఇదే తీరు: సిమ్ అమ్మమ్మ పేరున, వాట్సాప్ అమ్మమ్మది, ఫోన్‌పే అమ్మమ్మది, రోజంతా ఫోన్ ఉండేది మాత్రం మనవడి చేతిలో.

మోసం ఇలా జరుగుతుంది. ఫోన్ ఆటలో పరిచయమైనవాడు "తమ్ముడూ, ఆటలో వాడుకునే డైమండ్లు పంపిస్తా, నంబరు చెప్పు" అంటాడు. చెప్పగానే ఆరంకెల కోడ్‌తో మెసేజి వస్తుంది. "అదే గిఫ్ట్ కోడ్, చదువు" అంటాడు. పిల్లాడు చదివేస్తాడు. నిజానికది అమ్మమ్మ వాట్సాప్‌ని ఆ మోసగాడి ఫోన్‌లో తెరిచే కోడ్. కాసేపటికి కువైట్‌లో మీకూ, దుబాయ్‌లో మావయ్యకీ అమ్మమ్మ నంబరు నుంచే మెసేజి: ఆసుపత్రిలో ఉన్నాను, ఫలానా నంబరుకి ఇరవై వేలు వెయ్యి. దూరాన ఉన్నవాళ్ళం కదండీ, కంగారులో వేసేస్తాం.

ఆ కోడ్ మెసేజిలోనే "ఎవరికీ చెప్పవద్దు" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. వీడియో కాల్‌లో బాబు చేత అలాంటి మెసేజి ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివించండి. అంకెలొక్కటే చూసి మిగతాది వదిలేసే అలవాటే ఇక్కడ కొంప ముంచుతుంది.

వాట్సాప్ ఇప్పటికే వాడి చేతికి పోయి ఉంటే, సిమ్ ఉన్న ఫోన్‌లో అదే నంబరుతో వాట్సాప్ మళ్ళీ తెరిచి కొత్త కోడ్ వెయ్యండి. అవతలివాడు వెంటనే బయటికి పోతాడు. వాడు ఈలోపు తన పిన్ పెట్టేసి ఉంటే మీరు లోపలికి రావడానికి ఏడు రోజులు ఆగాలి. అందుకే ఆ పిన్ మనమే ముందు పెట్టుకోవాలి: సెట్టింగ్స్, అకౌంట్, టూ స్టెప్ వెరిఫికేషన్. అమ్మమ్మ మర్చిపోతే తిరిగి పెట్టుకోవడానికి అక్కడే మీ ఈమెయిల్ ఇవ్వండి. తెలియనివాళ్ళు గ్రూపుల్లో చేర్చకుండా, ప్రైవసీలో గ్రూప్స్‌ని 'మై కాంటాక్ట్స్'కి మార్చండి. ఫోన్‌పే పిన్ బాబుకి తెలుసుంటే ఇవాళే మార్పించండి. మనకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న ఒక్క సంగతి వాడికి కంఠతా రావాలి. డబ్బు పోతే ఊళ్ళో ఉన్నవాళ్ళ చేత వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది, ఆపడం కష్టం.

ఇవన్నీ చేసినా, "మళ్ళీ ఇలా చేస్తే ఫోన్ లాక్కుంటా" అన్నారంటే చేసిందంతా వృథా. ఆ మాట విన్న పిల్లాడు తర్వాతిసారి మెసేజి చెరిపేసి ఊరుకుంటాడు. నిజం చెప్పినందుకు ఫోన్ లాక్కోనని ముందే మాటిచ్చి, దాని మీద నిలబడండి. ఎవరైనా ఫోటో అడిగి తీసుకుని తర్వాత బెదిరిస్తే ఈ మాటే బాబుని కాపాడేది. అలాంటప్పుడు డబ్బు పంపకూడదు, చాట్ చెరపకూడదు. అవతలివాడి ఐడీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే బ్లాక్ చెయ్యాలి.

ఇన్‌స్టాగ్రామ్ అడుగుతాడు. పదమూడు నిండితేనే, అదీ నిజమైన పుట్టిన సంవత్సరంతోనే. పదహారు లోపు పిల్లల అకౌంట్ దానంతటదే ప్రైవేటుగా ఉంటుంది, ఆ కట్టుబాట్లు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. వయసు ఎక్కువ వేస్తే ఇదేదీ పనిచెయ్యదు.

మర్యాద విషయంలో పిల్లలు ఎక్కువ తప్పేది క్లాసు గ్రూపుల్లో, తోటివాడి మొహంతో స్టిక్కరు చేసి పంపడం దగ్గర. అందరికీ డిలీట్ చేసే వీలు రెండు రోజుల పైచిలుకు మాత్రమే. ఈలోపు చెరిపినా, ఎవరో దాచుకున్న స్టిక్కరు పోదు. ఆ అబ్బాయి ఇంటికెళ్ళి క్షమాపణ చెప్పించండి, గ్రూపులో 'సారీ' టైపు చేస్తే సరిపోదు.

మనం చేసేది కూడా చెప్పాలండీ. ఓణీల ఫంక్షన్‌కి ఆడపిల్ల ఫోటో, పేరు, ఊరు, తేదీ అన్నీ వేసి సెంటర్లో ఫ్లెక్సీ కట్టి, దాన్నే ఫోటో తీసి స్టేటస్‌లో పెడతాం. ఆ పిల్లని ఒక్కరూ అడగరు. మళ్ళీ ఆ పిల్లకే "వివరాలు ఎవరికీ చెప్పకమ్మా" అంటాం. మీరు సంక్రాంతికి వచ్చినప్పుడు బాబు ఫోటో ఏది పెట్టాలన్నా వాడికి చూపించి అడగండి, వద్దంటే ఆపెయ్యండి.