బద్దల పడవకు బిట్టు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బకింగ్‌హామ్ కాలువలో తిప్పుకోవడానికి బద్దల పడవ, అదే సన్నని కర్ర బద్దలు అంచుకు అంచు అతికించే పడవ, కడుతున్నావని అక్క ఫోన్లో చెప్పింది. కొత్తపట్నం తీరమంతా ఫైబర్ బోట్లే కనిపించే రోజుల్లో నువ్వు కర్ర పట్టినందుకు చాలా సంతోషంరా. రూటర్ బిట్ల సెట్టు, అంటే కర్ర అంచులు చెక్కే మిషన్‌కు బిగించే మొనల సెట్టు, చవకగా వస్తోంది, కొననా అని అడిగావట. వద్దు నాయనా. అందులో నీకు పనికొచ్చేవి రెండే, అవి కూడా నీ బద్ద కొలతకు కుదురుతాయన్న నమ్మకం లేదు.

నీకు కావాల్సింది జత. ఒక అంచును గుండ్రంగా తీసే బీడ్ బిట్టు, రెండో అంచులో దానికి తగ్గ గుంట తీసే కోవ్ బిట్టు. పడవ ఒళ్లు వంపు తిరిగే చోట పై బద్ద ఎంత వాలినా ఆ గుండ్రం గుంటలోనే తిరుగుతుంది, సందు పడదు. జత లేకపోతే ప్రతి బద్ద అంచునూ ఏటవాలుగా చిత్రిక పట్టాలి.

ముందు బద్ద మందం తేల్చుకో. చిన్న పడవకు పావంగుళం, అంటే రెండు నూళ్లు సరిపోతుంది. దానికి ఒక నూలు అర్ధవ్యాసం ఉన్న బిట్లు అడుగు. కార్బైడ్ మొనవే తీసుకో. టేకులో సిలికా ఉంటుంది, మామూలు స్టీలు బిట్టు త్వరగా మొద్దుబారి కర్రను కాలుస్తుంది.

బిట్టు కాడ కొలత కూడా చూడు. 6 మిల్లీమీటర్లు వేరు, పావంగుళం వేరు, అది 6.35. పావంగుళం కోలెట్‌లో, అంటే కాడను పట్టి బిగించే మిషన్ నోట్లో, 6 మిల్లీమీటర్ల కాడ బిగిస్తే మిషన్ తిరిగేటప్పుడు జారిపోతుంది. ఇది ప్రాణం మీదికొచ్చే విషయం, షాపువాడు పర్లేదన్నా వినొద్దు.

మొదట బద్దలన్నిటికీ బీడ్ కొట్టెయ్, కోవ్ తర్వాత. గుంటకు అటూ ఇటూ మిగిలే పెదవులు చాలా పలచన. ముందే తీస్తే, బీడ్ కొట్టేటప్పుడు బద్దను ఆనించి తోసే గైడుకు ఒరుసుకుని చిట్లిపోతాయి. గుంట లోతు కూడా వెంట్రుకవాసి తక్కువే పెట్టు. బద్దను ఎప్పుడూ బిట్టు తిరిగే దిశకు ఎదురుగానే తోయాలి. తిరిగే వైపుకే తోస్తే చేతిలోంచి లాగేసుకుంటుంది. బద్దను గైడుకు అదిమిపట్టే పళ్ల చెక్కలు, అదే ఫెదర్ బోర్డులు, బిగించు, పొడుగు బద్ద కాబట్టి అవతల పట్టుకోవడానికి మనిషినో స్టాండునో పెట్టుకో.

అసలు కర్ర ముట్టుకునే ముందు తుక్కు బద్దలు రెండు తీసి ఒకదాంట్లో ఒకటి కూర్చోబెట్టు. అతుకు మీద గోరు అడ్డంగా లాగు. మెట్టు తగిలితే బిట్టు మధ్యలో లేదన్నమాట, ఎత్తు సర్దు. రెండో పక్క కూడా గోరు తగలకుండా జారేదాకా సర్దుతూనే ఉండు. ఇక్కడ తొందరపడితే ఆ మెట్టు పడవ పొడుగునా ప్రతి అతుకులోనూ వస్తుంది, ఇసుక కాగితంతో రుద్దలేక చస్తావు.

సెట్టింగు కుదిరాక కావాల్సినన్ని బద్దలకు పైన ఇంకొన్ని ఎక్కువ కొట్టుకో, విరిగేవి విరుగుతాయి. మళ్లీ అదే ఎత్తుకు బిట్టు పెట్టడం కష్టం. మాస్కు మర్చిపోకు. బిట్లు కొనే ముందు షాపులోంచే ఫోటో పంపు, కాడ మీద రాసిన కొలత కనబడేలా.

ఇట్లు,
మామయ్య, నెల్లూరు