‘మా అమ్మ ఆకులు కోసింది, నా బిడ్డా అదే పనా?’

అచ్చంపేట నుంచి ఒక అన్న రాశారు. ఆర్టీసీలో కండక్టర్, ఎక్కువగా శ్రీశైలం రూట్లో డ్యూటీ. బిడ్డ బీఎస్సీ బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఫైనలియర్. ఎమ్మెస్సీ బోటనీ చేసి, నల్లమలలాంటి అడవుల్లో అరుదైన మొక్కలూ విత్తనాలూ సేకరించి బొటానికల్ గార్డెన్లలో బతికించే పనిలోకి వెళ్తానంటోందట. హైదరాబాద్‌లో ఉన్న బావమరిదేమో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ అంటున్నారు, ప్రైవేటు కాలేజీలో సీటు తానే మాట్లాడతానని కూడా అన్నారట. ‘రెండింట్లో ఏది మంచిదో పోల్చి చెప్పండి సార్’ అని అడిగి, చివర్లో ఇంకో లైను రాశారు: ‘మా అమ్మ అమ్రాబాద్ అడవిలో తునికాకు కోసి నన్ను చదివించింది. డిగ్రీ చదివిన నా బిడ్డ కూడా ఆకులే ఏరుకోవాలా?’

అన్నా, పోలిక చెప్తాను, తొందరేం లేదు. ముందు ఆ చివరి లైను సంగతి చూద్దాం. మీరు నిజంగా అడిగింది అదే.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, వేషం మార్చుకుని వస్తుంటుంది. పాలమూరు నుంచి మట్టిపనికి వలసపోయి కొడుకును చదివించిన ఒకాయన, ఆ కొడుకు సివిల్ ఇంజినీరింగ్ అనేసరికి ‘మళ్లీ ఇటుకా సిమెంటేనా సార్’ అని నా ముందు కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోచంపల్లి దగ్గర మగ్గం నేసే ఇంటి అమ్మాయి టెక్స్‌టైల్ డిజైన్ అంటే వాళ్లమ్మది ఒకటే మాట, ‘ఆ గుంతలోంచి లేవడానికే కదా నిన్ను చదివించింది’. మీదీ అదే బాధ. అడవిలోంచి బస్సు డిపో దాకా రావడానికి మీ ఇంటికి ఒక తరం పట్టింది, బిడ్డేమో మళ్లీ బస్సు దిగి అడవిలోకి నడుస్తానంటోంది. గుబులు ఉంటుంది, కాదనను. కానీ ఆ గుబులును ‘స్కోప్ ఉందా’ అని మార్చి అడిగితే నేను స్కోప్ గురించే చెప్పి పంపిస్తాను, గుబులు మీ దగ్గరే ఉండిపోతుంది.

మీ అమ్మగారు కోసిన ఆకుకు లెక్క కట్టల్లో. 50 ఆకులకు ఒక కట్ట, కల్లంలో ఎన్ని కట్టలు పెడితే అంత కూలి. అది ఏ చెట్టుదో, ఏ గుట్ట మీదిదో ఎవరూ అడగరు. మీ బిడ్డ చేస్తానంటున్న పనిలో అడిగేదే అది. ఏ మొక్క, ఎక్కడ, ఏ తేదీన, ఎంత ఎత్తులో, పక్కన ఏమేం పెరుగుతున్నాయి, పువ్వు ఏ రంగు (ఎండితే రంగు పోతుంది, అక్కడికక్కడే రాసుకోవాలి), చుట్టుపక్కల వాళ్లు దాన్ని ఏమంటారు. ఇవన్నీ ఒక నంబరు కింద రాసి లేకపోతే, తెచ్చిన మొక్క ఎంత అరుదైనదైనా గార్డెన్ వాళ్లకు కుండీలో పిచ్చిమొక్కతో సమానం.

మీ రూట్లోదే ఒక ఉదాహరణ చెప్తాను. ఎండాకాలం నన్నారి షర్బత్ తాగుతారు కదా. దానికి వాడే వేళ్లలో ఒకటి నల్లమల తీగది, మారేడు గడ్డ అంటారు (శివుడికి పెట్టే మారేడు వేరు), శాస్త్రం పేరు డెకాలెపిస్ హామిల్టోనీ. వేరు కోసం తవ్వితే తీగే పోతుంది, అట్లా తవ్వీ తవ్వీ అంతరించే ప్రమాదమున్న మొక్కల్లో చేరింది. కాపాడాలంటే విత్తనం కావాలి. కాయ జంటగా కాస్తుంది, ముదిరి ఎండితే పగిలి, లోపలి గింజ జిల్లేడు గింజలాగే దూది తోకతో గాలికి లేచిపోతుంది. లేతగా కోస్తే మొలవదు, ఆలస్యం చేస్తే ఖాళీ తొక్కలే మిగులుతాయి. అందుకని ముందే వెళ్లి కాయకు పల్చటి గుడ్డసంచి కట్టి రావాలి, మళ్లీ సరైన రోజు చూసుకుని వెళ్లాలి. అదీ ఒక్క తీగ నుంచి కాదు, దొరికితే 50 తీగల నుంచి తేవాలి, ఎందుకంటే ఒకే తల్లి పిల్లలతో గార్డెన్ నింపితే ఒక్క తెగులుకు అన్నీ ఊడ్చుకుపోతాయి. పైగా ఆ చోట పండిన విత్తనంలో ఐదో వంతుకు మించి తీయకూడదని విత్తన బ్యాంకుల వాళ్ల నియమం, మిగతాది అడవికే వదలాలి. తెచ్చాక కొన్ని విత్తనాలను ఆరబెట్టి మైనస్ 20 డిగ్రీల్లో ఏళ్ల తరబడి దాచొచ్చు. కొన్ని మాత్రం మామిడి టెంకలాగా ఎండితే చచ్చిపోతాయి, వాటిని మొక్కలుగా పెంచుతూ ఉండాల్సిందే. బొటానికల్ గార్డెన్ అవసరం అక్కడ వస్తుంది. హైదరాబాద్‌లో బొటానికల్ గార్డెన్ అంటే మనకు కొత్తగూడలో మార్నింగ్ వాక్ గుర్తొస్తుంది, అది వేరే సంగతి.

దీన్ని ఆకులు ఏరుకోవడం అంటారా?

ఇప్పుడు నాకు కోపం వచ్చిన విషయం. మీరు సరదాగా రాసినట్టే రాశారు, ‘మంచం కింద పాత పేపర్లు గుట్ట పెట్టింది సార్, పోయిన వారం కాటాకు వేసేశాను’ అని. అన్నా, బోటనీ చదివే పిల్ల మంచం కింద పేపర్ల గుట్ట ఉందంటే అవి పాత పేపర్లు కావు. మడత మడతలో ఒక మొక్క ఉండి ఉంటుంది. వేరుతో సహా తెచ్చి, ఒక ఆకు వెల్లకిలా ఇంకో ఆకు బోర్లా కనిపించేలా పరిచి, పైన బరువు పెట్టి, తడి పోయేదాకా రోజూ పేపరు మారుస్తూ ఆరబెడతారు. వానాకాలంలో ఒక్కరోజు మరిచిపోతే బూజే. బాగా ఆరాక 42×28 సెంటీమీటర్ల అట్ట మీద అంటించి చీటీ పెడతారు, దాన్నే హెర్బేరియం షీటు అంటారు, అలాంటివన్నీ దాచిపెట్టే చోటు హెర్బేరియం. ప్రాక్టికల్ మార్కులు కూడా దానికి ఉంటాయి. టికెట్లు కొట్టే మీ టిమ్ మెషీన్లో రోజు కలెక్షన్ మొత్తం ఎవరో చెరిపేసి ‘ఏముంది, అంకెలే కదా’ అంటే మీకెలా ఉంటుంది? పిల్ల మీతో గొడవపడిందా? పడలేదని నా అనుమానం. అదే ఇంకా బాధ.

సరే, బయోటెక్నాలజీ. ఇక్కడ నా తప్పు కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఒక పదిహేనేళ్ల కింద బైపీసీ పిల్లలు ఎవరొచ్చినా నేను కూడా ‘బయోటెక్ తీసుకో, ఫ్యూచర్ అదే’ అని చెప్పినవాణ్నే. హైదరాబాద్ పక్కన బయోటెక్ కంపెనీలున్న జీనోమ్ వ్యాలీ పేరు చెప్తే చాలు తల్లిదండ్రుల మొహాలు వెలిగిపోయేవి, నాకూ చెప్పడం సులువుగా ఉండేది. వాళ్లలో కొందరు నిజంగానే మంచి ల్యాబుల్లో ఉన్నారు, విదేశాల్లో పీహెచ్‌డీలు చేశారు. కానీ నాకు తెలిసి ఎక్కువమంది ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్ల పక్కనే, దాదాపు అదే జీతానికి కూర్చున్నారు, లేదంటే మెడికల్ కోడింగ్‌లోకి (రోగాలకూ చికిత్సలకూ బిల్లుల కోసం కోడ్ నంబర్లు వేసే పని) వెళ్లారు. కోడింగ్ తప్పు పని అనట్లేదు, నెలనెలా జీతం పడుతుంది, ఇల్లు గడుస్తుంది. అయితే దానికి రెండేళ్ల ఎమ్మెస్సీ, అంత ఫీజు అక్కర్లేదు. బయోటెక్ అనే మాటకున్న మెరుపుకే మనం డబ్బు కడుతున్నామా అని నాకు ఏటా అనుమానం పెరుగుతూనే ఉంది. ఆ చదువుకు ప్రాణం ల్యాబు. చాలా కాలేజీల్లో ల్యాబు అంటే అద్దాల బీరువాలో మెషీను, దాని ముందు నిలబడి ఫొటో. మీ బావమరిదిని ఒక్కటే అడగండి, అక్కడ చదివే పిల్ల తన చేత్తో వారానికి ఎన్ని గంటలు ప్రయోగం చేస్తుంది అని. ఇంకో మాట, సీటు ‘మాట్లాడతాను’ అన్నారంటేనే నాకు తేడా కొట్టింది. మంచి చోట సీటు మాట్లాడితే రాదు, ర్యాంకుతో వస్తుంది. మీ అమ్మాయికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలాంటి చోట ర్యాంకుతో వస్తే, ఆమెకు ఇష్టం కూడా ఉంటే, బయోటెక్‌కే పంపమని నేనే చెప్తాను.

అడవి వైపు కూడా ఇప్పుడు ఫ్యాషన్ లేకపోలేదు. డ్రోన్ షాట్లు, టోపీ, బూట్లు, వెనక మ్యూజిక్. ఆ రీల్స్ చూసి ముచ్చటపడే పిల్లలను నేను నెలకు ఇద్దరిని చూస్తాను. మీ అమ్మాయి కూడా అదే బాపతేమో అనుకున్నాను, పేపర్ల గుట్ట సంగతి చదివాక ఆ డౌటు పోయింది.

ఇక ఈ దారిలో డబ్బు సంగతి దాచకుండా చెప్తాను. ఉద్యోగాలు తక్కువ. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 1890 నుంచి ఉంది, దాని దక్కన్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, పంటలకూ వాటి అడవి చుట్టాలకూ సంబంధించిన జన్యు వనరుల బ్యూరో కేంద్రం రాజేంద్రనగర్‌లో ఉంది, కానీ పర్మనెంట్ పోస్టులు ఏటా పడవు. మొదటి నాలుగైదేళ్లు ప్రాజెక్టుల మీదే నడుస్తుంది, ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ‘నెట్’ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 ఫెలోషిప్, పైన ఇంటి అద్దె భత్యం, అది అచ్చంపేట లెక్కలో చిన్న మొత్తం కాదు. కొట్టకపోతే కష్టమే, మీరు కొన్నాళ్లు ఆదుకోవాలి. అయితే బోటనీలో ఒక సౌకర్యం ఉంది, ఇదే చదువుతో డిగ్రీ లెక్చరర్‌కు వెళ్లొచ్చు, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ రాయొచ్చు, యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్‌కు కూర్చోవచ్చు. ఊరూరా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలన్నా, ఏదైనా పెద్ద ప్రాజెక్టు కింద పోయే అడవిలో ఏముందో లెక్క తేల్చాలన్నా, మొక్కను చూసి పేరు చెప్పగలిగే మనిషి కావాలి. ఆ మనుషులే తక్కువైపోయారు. డీఎన్‌ఏ తీసేవాళ్లు దొరుకుతున్నారు, ఏ చెట్టు నుంచి తీయాలో చూపించేవాళ్లు దొరకడం లేదు.

ఆడపిల్ల, అడవి, పులి. మీరు రాయలేదు కానీ ఇంట్లో ఈ మాట వచ్చే ఉంటుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు, అందులోకి ఎవరూ సంచి తగిలించుకుని ఒంటరిగా వెళ్లరు, వెళ్లనివ్వరు కూడా. అటవీ శాఖ అనుమతి పత్రం ఉండాలి, అది లేకుండా మొక్క పీకితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. అనుమతి ఉన్నా టీముగా వెళ్తారు, వెంట ఫారెస్టు సిబ్బంది, దారి చూపడానికి చెంచు పెద్దమనిషి ఉంటారు, పొద్దు వాలకముందే తిరిగొస్తారు. శ్రీశైలం రోడ్డు మీది మన్ననూరు ఫారెస్టు గేటు రాత్రి 9కి మూసేస్తారని మీకు నేను చెప్పాలా? పులికంటే పిడుదులు, ఎండ, చాలని మంచినీళ్లు, ఇవే అసలు కష్టాలు. అది కూడా ఏడాదిలో కొన్ని వారాలే, మిగతా రోజులన్నీ నర్సరీలో, హెర్బేరియంలో, కంప్యూటర్ ముందు. సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పాలంటారా, బోటనీలో రీసెర్చ్ చేస్తోందని చెప్పండి. అందులో అబద్ధం ఏముంది?

పోలిక అడిగి నా చేత ఇంత చెప్పించారు. ఒక్క ముక్కలో, మంచి చోట బయోటెక్ మంచిదే, మామూలు చోట బయోటెక్ కంటే ఉస్మానియాలో బోటనీ నయం, అందులోనూ మీ అమ్మాయికి ఇంకా నయం. ఎందుకంటే ఆమెకు ఇంట్లోనే ఒక ప్రొఫెసర్ ఉన్నారు.

అమ్మగారు మీతోనే ఉంటున్నారని రాశారు కదా. మనవాళ్లు సోమిద అనే చెట్టుకు శాస్త్రంలో పేరు సోయ్‌మిడా, మన తెలుగు మాటే. ఎప్పుడో చెట్లు తెలిసిన ఎవరో చెప్తే విన్నవాళ్లు రాసుకున్నారు. నేలవేముకు చుట్టమైన ఇంకో మొక్క నల్లమలలోనే ఉంటుంది, దాని పేరే ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా. మీ అమ్మగారు దాన్ని చూసే ఉంటారు, ఏదో పేరుతో పిలిచే ఉంటారు. హెర్బేరియం చీటీలో ‘స్థానిక నామం’ అని ఒక గడి ఉంటుంది, యూనివర్సిటీ పిల్లలు చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. మీ బిడ్డ వదలక్కర్లేదు. నాయనమ్మ దగ్గర కూర్చోబెట్టండి.

వీక్లీ ఆఫ్ రోజు ఇద్దరూ జడ్చర్ల వెళ్లి రండి. అక్కడి ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది, లెక్చరర్లూ విద్యార్థులూ అడవుల నుంచి మొక్కలు తెచ్చి పెంచినది. మీరు మాట్లాడకండి, బిడ్డను మాట్లాడనివ్వండి, అడిగేది అడగనివ్వండి. వెనక నిలబడి వినండి చాలు.

దానికంటే ముందు ఇంకో పని. పేపర్లు అమ్మి వారమే అయింది. స్క్రాప్ షాపువాళ్లు లోడు నిండేదాకా సాధారణంగా పంపరు. రేపు డ్యూటీ ఎక్కేముందు ఒకసారి వెళ్లి అడగండి, దారంతో అడ్డంగా కట్టిన కట్ట, మధ్యమధ్యలో చీటీలు కనిపిస్తుంటాయి. దొరికితే విప్పకుండా, వంచకుండా, అట్లాగే తీసుకొచ్చి ఆమె చేతికివ్వండి.