గుల్‌మార్గ్ మంచు: టికెట్ ఇప్పుడే కొనాలా?

పన్నెండు రోజుల తర్వాత, డిసెంబర్ మొదటి వారంలో కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో 40 సెంటీమీటర్ల మంచు అని యాప్ చూపిస్తోంది, బెంగళూరు నుంచి టికెట్ కొనేయనా అని అడిగారు. ఆగండి. అంత ముందుగా చెప్పే సెంటీమీటర్ల లెక్క నేనైతే నమ్మను. అక్కడ మంచు తెచ్చేవి మధ్యధరా వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు అనే వాతావరణ అలజడులు. నాలుగైదు రోజుల ముందు గానీ వాటి దారి తేలదు.

అసలు ఆ అంకె ఏ ఎత్తుకో చూశారా? ఊరు సుమారు 2,650 మీటర్లు, గొండోలా (కేబుల్ కారు) రెండో దశ చివర దాదాపు 3,950. సున్నా డిగ్రీల గీత, అంటే గాలి వేడి సున్నాకు పడిపోయే ఎత్తు, ఆ మధ్యలో ఉంటే పైన మంచు, కింద వాన. కొత్తవాళ్లు స్కీయింగ్ నేర్చుకునేది కిందే! నేనోసారి అలాగే తొందరపడి వెళ్లి, బురదలో ఫొటోలు దిగి వచ్చాను. సెలవు మార్చుకోగలిగితే జనవరి చివరికి మార్చుకోండి. కుదరకపోతే క్యాన్సిల్ చేసుకునే వీలున్న టికెట్టే తీసుకోండి.